గాలపు రీలు: దాని పుట్టుపూర్వోత్తరములు

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరు అను మూడు పేటలును హుస్సేనుసాగరపు కట్టకు దిగువను, పల్లమున నున్నవి. ఆ చెఱువు ఇబ్రహీం కుతుబుషా కాలమున, 1562లో, హుస్సేనుషావలీ చేతిమీదుగా కట్టబడినది. దాని మిగులునీరు పాఱు కాలువ అశోకనగరు ప్రక్కగా సాగి కడకు మూసీలో కలియును. 2000 ఆగస్టులో వానలు మిక్కుటమై ఆ కాలువ పొంగి ఇండ్లలోనికి వచ్చిన సంగతి ఆ పేటలవారు నేటికిని చెప్పుకొందురు. ఇంత నీటిచెంత నున్నను సముద్రము మాత్రము వారికి దూరమే. ఏ తీరమునకు పోవలెనన్నను ఇంచుమించు 300 కిలోమీటరుల ప్రయాణము తప్పదు.

అట్టి చోట ఉప్పునీటి గాలమును గూర్చిన ప్రశ్న యేల పుట్టెనని పెద్దలు అడుగవచ్చును. మన పల్లెల పిల్లలు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున చదువుకొనుటకును, అశోకనగరులోని శిక్షణశాలలలో పోటీపరీక్షలకు తయారగుటకును ఈ పేటలలోనే గదులు తీసికొని యుందురు గదా. చదువు ముగిసిన పిదప ఒకడు విశాఖపట్టణమునకు, ఒకడు అమెరికాలోని సియాటిలునకు, మఱియొకడు కెనడాలోని వాంకూవరునకు పోవును. అక్కడి సముద్రమును చూచి, తోడివారు గాలము వేయుట చూచి, తనకును ఒక రీలు కావలెనని ముచ్చటపడును. సెలవులకు ఇంటికి వచ్చి తాతతో చెప్పును. తాత యెఱిగినది వెదురు బద్ద, నెమలియీకయో జొన్నబెండో, వానపాము, అంతే. "చేపను పట్టుటకు వేలరూపాయల చక్ర మేల?" అని ఆయన అడుగును. ఈ ప్రసంగము ఆ తాతను ఉద్దేశించినది.

మనుమని ముచ్చట అటుండనిండు. తగని రీలు కొన్నచో పోవునది డబ్బు మాత్రమే కాదు. దారము తెగి, నోట గ్రుచ్చుకొన్న గాలముతోను, వెనుక ఈడ్చుకొనుచున్న బారెడు దారముతోను చేప లోతునకు పోవును. అది బ్రదుకవచ్చును, బ్రదుకకపోవచ్చును. చేతికి రాని చేపను చంపుట వేటలో హీనమైన పని యని మన గంగపుత్రులు చెప్పకయే యెఱుగుదురు.

గాలముతో చేపను పట్టుట మన దేశమున క్రొత్త విద్య కాదు. కల్యాణీ చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు క్రీ. శ. 1130 ప్రాంతమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. మన కాకతీయులు అప్పటికి ఆ చాళుక్యులకు సామంతులు. రాజునకు తగిన వినోదములను వర్ణించుచు ఆయన మత్స్యవినోదమని ఒక ప్రకరణమునే కేటాయించెను. అందు సముద్రపు చేపలు, ఏటి చేపలు వేఱువేఱుగ చెప్పబడినవి. ఏ చేపకు ఏ మేత వేసి మచ్చిక చేయవలెనో, దారము, కఱ్ఱ, గాలము ఎట్లుండవలెనో చెప్పబడినది. 20వ శతాబ్దమున సుందరలాల్ హోరా యను మత్స్యశాస్త్రజ్ఞుడు ఆ ప్రకరణమును పరిశీలించి 1951లో పండితులకు పరిచయము చేసెను. కల్యాణిలోని రాజు ఒడ్డున కూర్చుండి గాలము వేయుచుండెనన్నమాట మన పెద్దలకు కొంత సంతోషము కలిగింపక మానదు.

ఆ కాలమునకు కొంచె మీవల, 1195 ప్రాంతమున, చీనాదేశమున మాయువాన్ అను చిత్రకారుడు ఒక పటము వ్రాసెను. శీతకాలపు సరస్సు, చిన్న పడవ, అందొక్కడే మనుష్యుడు, అతని చేతి కఱ్ఱకు ఒక చిన్న చక్రము. రీలును చూపు చిత్రములలో మిక్కిలి ప్రాచీనమైనవానిలో ఇది యొకటి. ఇంగ్లండున దీని ప్రస్తావన 1651లో థామస్ బార్కరు అను నాతడు వ్రాసిన చిన్న పుస్తకమున కనబడుచున్నది. కఱ్ఱ యడుగు భాగమున రంధ్రము చేసి, త్రిప్పుటకు వీలగు చక్రము నమర్తురని యాతడు వ్రాసెను. చేప పెద్దదైనప్పుడు దారము వదలవలెను, అది అలసినప్పుడు తిరిగి చుట్టుకొనవలెను. కఱ్ఱకొనకు కట్టిన దారమునకు ఆ వీలు లేదు. రీలు పుట్టుటకు కారణ మింతమాత్రమే.

అయితే చుట్టుకొనుట సుకరము, విసరుట దుష్కరము. ఏలయన నాటి రీళ్లన్నియు బొంగరమువలె తిరుగునవి. సంక్రాంతినాడు చిక్కడపల్లి డాబాలపై పిల్లలు గాలిపటము ఎగురవేయుటను చూచినవారికి ఇది సులభముగ తెలియును. చరఖా పట్టుకొన్న కుఱ్ఱవాడు ఏమఱినచో గాలిపటము దారమును లాగిన వేగమునకు చరఖా మఱింత వడిగ తిరుగును. గాలిపటము ఆగినను అది యాగదు. వదలుగ వచ్చిన మాంజా అంతయు ముడులు పడి పక్షిగూ డగును. గాలము విసరువానికిని అదే గతి. విసరునపుడు బొటనవ్రేలితో చక్రమును అదుముచుండవలెను. ఈ విద్య వచ్చుటకు నెలలు పట్టును. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున జార్జి స్నైడరు అను గడియారముల పనివాడు 19వ శతాబ్దారంభమున పండ్ల చక్రములు అమర్చి, పిడి ఒకసారి త్రిప్పినచో చక్రము పలుమాఱులు తిరుగునట్లు చేసెను. పని నగిషీగ నుండెను గాని చిక్కు మాత్రము తీరలేదు.

ఈ చిక్కు విప్పినవారు నేతపనివారు. ఇది నాకు మిక్కిలి ప్రీతికరమైన ఘట్టము. ఇంగ్లండులోని నాటింగుహాము లేసుల నేతకు ప్రసిద్ధి కెక్కిన పట్టణము. అచటివారు లేసు కండెను చూచి కఱ్ఱతో వెడల్పైన, మిక్కిలి తేలికగ తిరుగు రీలును చేసిరి. ఏటి ప్రవాహమునకు ఎరను వదలిపెట్టుటకు అది బాగుగ నుండెను; సముద్రపు వేటకును కొంతమేర వాడిరి. పిమ్మట 1884లో స్కాట్లండులోని పెర్తునకు చెందిన మాలకు అను నాతడు ఒక యుపాయము పన్నెను. విసరునపుడు చక్రమును అడ్డముగ త్రిప్పి దాని ముఖము కఱ్ఱకొనవైపు ఉండునట్లు చేయవలెను. అప్పుడు చక్రము తిరుగకయే దారము అంచుమీదుగ జాఱిపోవును. చుట్టునపుడు మరల యథాస్థానమునకు త్రిప్పవలెను. విసరుట సుఖమాయెను, కాని చుట్టు చుట్టునకును దారము మెలిపడుచుండెను.

1905లో ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్తు పేటెంటు పొందిన రీలు నేటి స్పిన్నింగు రీలుకు మూలపురుషుడు. ఆతడు బ్రాడ్‌ఫర్డు ప్రాంతపు మిల్లుయజమాని. మిల్లు నాడెలోని కండెను మీరు చూచియుందురు. (పూర్వపు చేతినాడెలలో కండె తిరుగుటయు కలదు, నేను చెప్పునది మిల్లు నాడెను గూర్చి.) నాడె ఎంత వడిగ పరుగెత్తినను కండె మాత్రము తిరుగదు. పేక నూలు దాని కొననుండి ఉంగరములు ఉంగరములుగ జాఱి వచ్చును. కండె తిరుగదు కనుక నాడె ఆగినంతనే నూలును ఆగును. దీనినే యాతడు గాలపు కఱ్ఱకు తగిలించెను. చుట్టునపుడును కండె తిరుగదు. దాని చుట్టును ఒక చేయి తిరిగి దారమును దానిపై పేర్చును. నెలల తరబడి నేర్వవలసిన విద్య ఒక మధ్యాహ్నపు పని యాయెను. దారమును ఎత్తి పట్టు తీగకమాను, దానిని బెయిలు అందురు, 1930ల ఆరంభమున హార్డీ కంపెనీ రీళ్లలో వచ్చెను.

ఇంగ్లీషున నూలు వడకుటకును, ఎర నీటిలో గిఱగిఱ తిరుగుటకును 'స్పిన్నింగు' అనియే పేరు. ఈ రీలుకు ఆ పేరు వచ్చినది ఎరనుబట్టియే గాని రాట్నమును బట్టి కాదు. అయినను రాట్నపు కుటుంబమునకు చెందిన వస్తువునకు ఆ పేరు అమరుట వింతయే. అశోకనగరునకు కూతవేటు దూరమున, కట్టక్రింద, 1920లో స్థాపింపబడిన దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లులో కండెలు దశాబ్దములు నూలు వదలుచుండెను. ఆ మిల్లు తరువాత మూతపడినది. ఆ మిల్లులో పనిచేసిన వారెవరైనను మీ యూర నున్నచో, స్పిన్నింగు రీలును వారి చేతికిచ్చి చూడుడు. అది పనిచేయు తీరును మీ మనుమనికంటె వారే చక్కగ చెప్పగలరు.

ఇక సాల్మను మాట. ఈ చేప మన నీళ్లలో లేదు. అయినను మన పెద్దలకు దాని స్వభావము తెలియనిది కాదు. గోదావరి పులసను తలచుకొన్నచో చాలును. పులస సముద్రమున నున్నపుడు విలస యనిపించుకొని, వఱదకాలమున ఎఱ్ఱనీటి కెదురీది గ్రుడ్లు పెట్టుటకు పైకి వచ్చును. సాల్మనును అట్లే ఉప్పునీట పెరిగి తాను పుట్టిన ఏటికి ఎదురీది పోవును. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పులస దారి కడ్డమైనట్లే, అమెరికా ఆనకట్టలు సాల్మను దారి కడ్డమైనవి. భేద మొకటి కలదు. పులస నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తినును గనుక గాలమునకు ఎన్నడో గాని చిక్కదు. దానికి వలయే గతి. సాల్మను ఏటిలోనికి వచ్చిన పిమ్మట ఆహారము మానును. అయినను మెఱయుచు తిరుగు రేకుటెరను చూచి కోపమువలననో అలవాటువలననో కాటువేయును. స్పిన్నింగునకు ఆ చేపతో సంబంధ మేర్పడుట అందువలన.

మన దేశమునకు వచ్చిన ఆంగ్లేయులు తమ ఇంటి చేపను మఱువలేక కనబడిన మంచి చేపకెల్ల సాల్మనును పోల్చిరి. మద్రాసు రాజధానిలో ఉద్యోగము చేసిన హెన్రీ సల్లివన్ థామసు 1873లో భారతదేశపు గాలపు వేటపై పెద్ద గ్రంథము ప్రకటించి, కొండయేళ్ల మహసీరును సాల్మనుకంటె గట్టి పోరు పెట్టు చేప యని పొగడెను. 1887లో చెఱువులలో గాలము వేయుటను గూర్చియు వేఱొక పుస్తకము వ్రాసెను. తీరమున మాత్రము 'ఇండియన్ సాల్మను' అను పేరు మన మాగ చేపకు తగిలెను. అది సాల్మను జాతి కానే కాదు. కాని దానికి ఒక గౌరవము కలదు. ప్యాట్రిక్ రస్సెలు అను వైద్యుడు విశాఖపట్టణమున నుండి, అచటి చేపలు రెండువందలను బొమ్మలతో వర్ణించి 1803లో లండనున ప్రకటించెను. బెస్తవారి నోట విన్న తెలుగు పేర్లనే ఆ బొమ్మలకు ఉంచెను. అందులోని 'మాగ జెల్ల' బొమ్మను ఆధారము చేసికొని 1804లో షా అను శాస్త్రజ్ఞుడు ఆ జాతికి లాటిను నామము పెట్టెను. కావున అంగడివాడు "ఇది సాల్మను రీలు" అన్నప్పుడు, "ఏ సాల్మను?" అని యడుగవలెను. మాగకు కావలసినదొకటి, వాంకూవరు చేపకు కావలసినది వేఱొకటి.

ఎన్నికకు ముందు ఉప్పును గూర్చి చెప్పవలెను. పూర్వపు రీళ్లు కఱ్ఱ, ఇత్తడి, తరువాత అల్యూమినియము, ఉక్కు. మంచినీట ఇవి తరతరములు నిలిచినవి. ఉప్పునీట రెండు వేఱు లోహములు ఒకదాని నొకటి తాకుచున్నచో వానిలో ఒకటి క్రమముగ తినబడిపోవును. ఉక్కు మర బిగించిన అల్యూమినియపు రంధ్రము తెల్లని పొడియై రాలుట అందువలననే. నీరు ఆఱినను ఉప్పు నిలిచి, గాలిలోని తేమను పీల్చుచు రాత్రింబవళ్లు పని చేయుచుండును. దీనికి తోడు ఇసుక. అందుచేత సముద్రపు రీలులో చూడవలసినది తళుకు గాదు, లోపలికి నీరు చొరకుండ కట్టిన మూతలు, తుప్పుపట్టని ఉక్కుతో చేసిన గుండ్లు, పైపూత గట్టిగ నున్న అల్యూమినియపు కండె.

రెండవది డ్రాగు, అనగా చేప లాగినపుడు కండె బిగువుగ జాఱుచు దారమును వదలు ఏర్పాటు. 1913కు ముందు పెద్ద సముద్రపు చేపలను పట్టువారు తోలుముక్కను బొటనవ్రేలితో అదిమి చక్రమును నిలుపుచుండిరి. చేప పరుగెత్తినపుడు పిడి వెనుకకు తిరిగి వ్రేళ్ల కణుపులు పగులుచుండెను. ఆ యేట విలియం బోషెను ఆలోచన ప్రకారము జూలియస్ వాం హోఫు చేసిన రీలులో డ్రాగు చక్రము లోపలికి చేరెను. పిడి నిలిచియుండగనే దారము పోవు వీలు కలిగెను. నేటి రీళ్లన్నిట ఆ సూత్రమే. 1938లో ప్రకటింపబడిన నైలాను యుద్ధానంతరము పట్టుదారమును త్రోసివేసెను. సన్నని గట్టి దారము వచ్చినపిదప స్పిన్నింగు రీలు ఇంటింటి వస్తువాయెను.

మనుమడు రీలు కొనునపుడు పెట్టెమీద 2500, 4000, 6000 అని అంకెలు కనబడును. అవి కొలతలు కావు. కంపెనీ పెట్టుకొన్న తరగతులు. ఒకరి 4000 మఱియొకరి 4000తో సమము కానక్కఱలేదు. కండెపై ఎంత లావు దారము ఎన్ని మీటరులు పట్టునో వ్రాసియుండును; చదువవలసినది దానిని. కృష్ణా గోదావరుల మొగలలో మాగకును పండుగప్పకును, తీరముననుండి వేయుటకు 4000 మొదలు 5000 తరగతి చాలును. 200 మీటరుల అల్లికదారము పట్టవలెను. వంజరమునకు పండ్లు వాడి గనుక కొనను తీగముక్క కట్టవలెను. ఏటిలో చిన్న జాతుల సాల్మనునకు 3000 తరగతియే చేతికి తేలిక. చినూకు అను పెద్ద సాల్మను పది కిలోగ్రాములు దాటుట అరుదు కాదు. దానికి 4000కు తక్కువ వద్దు. అంతకంటె పెద్ద రీలు కొనుటయు తప్పే. దినమంతయు విసరవలసిన చేయి బరువును మోయలేదు. సాయంకాలమునకు విసరుటయే మాని కూర్చుండును.

గుండ్ల సంఖ్య చూచి మోసపోరాదు. పది గుండ్లని వ్రాసిన రీలు ఐదు మంచి గుండ్ల రీలుకంటె ముందుగ గీఱుమనుట కలదు. అంగడిలోనే పిడిని త్రిప్పి అటునిటు కదలుచున్నదేమో చూడవలెను. డ్రాగు కొంచెము బిగించి దారమును మెల్లగ లాగవలెను. మొదట పట్టి, పిమ్మట ఒక్కసారి జాఱినచో దానిని అచటనే విడిచి రావలెను. దారము తెగునది ఆ మొదటి కుదుపుననే. బెయిలు చివర నున్న చిన్న గిలకను వ్రేలితో త్రిప్పి చూడవలెను. దీనిని ఎవ్వరును చూడరు. ఉప్పునకు మొదట పట్టుకొనిపోవునది అదియే. అది తిరుగుట మానినచో దారము ఒకేచోట ఒరసి అరుగును. ఎనిమిది కిలోగ్రాముల బరువు తాళు దారమునకు డ్రాగు రెండు, రెండున్నర కిలోల వద్ద జాఱవలెను. ఇంటిలోని స్ప్రింగుకాటాతో చూచుకొనవచ్చును. చేప దారము లాగుకొనిపోవుచుండగా పిడిని త్రిప్పరాదు. త్రిప్పినకొలది మెలిపడుటయే గాని ఒక్క మూరయు లోనికి రాదు. మాలకు కాలపు దోషము ఇట్లు వాడువాని చేతిలో నేటికిని మిగిలియున్నది.

సముద్రమునుండి వచ్చిన నాటి సాయంకాలము డ్రాగును బిగించి, మంచినీటిని పైపైని సన్నగ పోసి, గుడ్డతో తుడిచి నీడన ఆఱనీయవలెను. బకెట్టులో ముంచరాదు, నీటిధాటిని గట్టిగ కొట్టరాదు. ఉప్పు బయటికి పోవుటకు బదులు లోనికి పోవును. ఆఱినపిదప డ్రాగును వదలు చేసి ఉంచవలెను. ఈ పని చేయని వానికి ఖరీదైన రీలు కొనియిచ్చుట వ్యర్థము. చౌకదానిని కొని యేటేట పాఱవేయుటయు అంతే. నా యెన్నిక నడిమి ధరది, మరమ్మతునకు విడిభాగములు దొరకునది.

అమెరికాకో కెనడాకో పోవువానికి రీలుతోపాటు అచటి నియమములును కావలెను. వేటకు అనుమతిచీటి తప్పదు. బ్రిటిష్ కొలంబియాలో సాల్మనుకు ముల్లులేని గాలమే వాడవలెను. ముల్లులేని గాలము దారము వదలైనంతనే ఊడివచ్చును గనుక అక్కడ డ్రాగు సాఫీగ నుండుట మఱింత అవసరము.

ఈ రీలును అతడు మొట్టమొదట పరీక్షించునది మాత్రము మీ యూరి చెఱువుననే యగును. హుస్సేనుసాగరమున మురుగునీరు, పరిశ్రమల మలినజలము చేరి యున్నందున అచటి చేప తినుటకు తగదు. ముషీరాబాదు దగ్గఱి రాంనగరు అంగడిలో మృగశిరకార్తెనాడు జనము కొనునది వేఱు నీళ్ల చేప. ఊరి చెఱువున నున్న చేపపై హక్కు తఱచుగ మత్స్యకారుల సహకార సంఘమునకు చెందియుండును. పిల్లలు విడిచినది వారు, కాచినది వారు. కఱ్ఱ విసరుటకు ముందు సంఘపు పెద్దను అడిగి, ఆయన కోరిన రుసుము చెల్లించుమని మనుమనితో చెప్పుడు. ఆయన కొఱమీను ఉండు తావును కూడ చూపినను చూపవచ్చును. తుంగ దుబ్బుల ప్రక్క, మూడడుగుల లోతున, తెల్లవాఱుజామున.